మొకాల బుక్కులో లచ్చవ్వ

పోయిన నెల చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయని తెలిసి కామారెడ్డి వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. కూరలు నేను తెస్తానని సంచీ పట్టుకొని బయల్దేరాను. స్టేషన్ రోడ్డు పక్క సందులో కర్రీ పాయింట్ ఒకటి బాగుంటుందని చెప్పారు. తీరా వెళ్లి చూస్తే అది మా నెట్ సెంటర్. అంటే, ఒకప్పుడు మా నెట్ సెంటర్. ప్లైవుడ్ అరలు, వాటికి పూల కర్టెన్లు, లోపల ఉక్కపోత, కీబోర్డు సందుల్లో ఎవరో తిన్న మిక్చర్ నలుసులు ఉండే చోట ఇప్పుడు స్టీలు గిన్నెల్లో దొండకాయ వేపుడు, పప్పు, చికెన్ వరుసగా పొగలు కక్కుతున్నాయి. నేనెప్పుడూ కూర్చునే మూల అర ఉన్నచోట సాంబారు డ్రమ్ము పెట్టారు. "ఏం గావాలె మేడం?" అని కౌంటర్ వెనక ఆయన అడిగితే నా నోటికి ముందుగా వచ్చిన మాట "ఒక గంట". బయటికి అనలేదు గాని, అనబోయాను.

నా డిగ్రీ చదువంతా చిన్నబాపు ఇంట్లోనే సాగింది. మాది ఎల్లారెడ్డికి ఆనుకొని ఉన్న చిన్న పల్లె. నాకు కావాల్సిన సైన్సు గ్రూపు కామారెడ్డిలో ఉందని బాపు నన్ను తన తమ్ముడి ఇంట్లో దింపి, "పిల్ల పైలం" అని, అంటే జాగ్రత్త అని, ఒక్క మాట చెప్పి పొలానికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటను చిన్నబాపు మూడేళ్ల పాటు గుండెల మీద మోశాడు. నేను గేటు దాటితే చాలు, ఎటు, ఎందుకు, ఎవరితో అని ప్రశ్నలు వరుసగా వచ్చేవి. మనిషి కోపిష్టి కాదు. బెల్లం మండీలో గుమస్తా కాబట్టి, లోపలికొచ్చే బస్తాకూ బయటికెళ్లే బస్తాకూ లెక్క ఉండాలన్నది ఆయన అలవాటు.

ఆ ఇంట్లో అసలు పెద్ద మా అవ్వ, నర్సవ్వ. బాపుకూ చిన్నబాపుకూ తల్లి. ముందు వసారాలో గోడకు ఆనుకొని, కాళ్లు చాపి, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. పొద్దున్నే తడిబట్టలో చుట్టిపెట్టిన తునికాకు విప్పగానే ఇల్లంతా వాన పడ్డ అడవి వాసన వచ్చేది. కాసేపటికి దాని మీద తంబాకు ఘాటు ఎక్కేది. సాయంత్రం చిన్నబాపు వస్తే ఆయన చొక్కాతో పాటు బెల్లం వాసన లోపలికి వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా పాకం పడుతుంటే, దాని వెనక తంబాకు ఎందుకు లేదా అని నా ముక్కు వెతుక్కుంటుంది. అవ్వకు తనవైన పద్ధతులు కొన్ని ఉండేవి. పొద్దున మొదటి చాయ్ పడేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ఆ చాయ్ కూడా సాసర్లో పోసుకొని, ఊదకుండా, ఎదురుగా పెట్టుకొని చూస్తూ కూర్చునేది. అది తనంతట తాను చల్లారాలి. టీవీలో వార్తలు వినేది కాదు గాని, చదివే అమ్మాయి చీర రోజూ చూసేది. ఎవరైనా అబద్ధం చెబుతున్నారని అనుమానం వస్తే మాత్రం ఆకు కత్తిరించే కత్తెర ఆపేది. అది ఆగిందంటే మేమంతా నిజం చెప్పేసేవాళ్లం.

ఇంటికి ఎవరొచ్చినా చిన్నబాపు ఒక మాట అనకుండా చాయ్ తాగనిచ్చేవాడు కాదు. "మా ఖాందాన్ల సంతకం నాతోనే షురువైంది. మా అన్నకు గూడ నేనే నేర్పిన. మా అవ్వది ఇప్పటికీ నిశానే." నిశాన్ అంటే వేలిముద్ర. పింఛను తీసుకునే చోట అవ్వ బొటనవేలికి సిరా పూయించుకునే మాట నిజమే. కానీ ఈ మాట వినబడినప్పుడల్లా వసారాలోంచి జవాబు వచ్చేది.

"నేను బడికి పోయిన."

"ఏ బడే?"

"ఎల్లారెడ్డిల. నైజాం బడి. ఉరుదు సదువు. నేను, లచ్చవ్వ ఒక్క చాప మీద కూసున్నం."

"గా కాలంల మొగపోరగాండ్లకే బడి దిక్కులేదు. నీకెవరు చెప్పిన్రు? ఏదీ, ఒక్క అక్షరం రాయి."

"యాదికి లేదురా. ఎన్నేండ్లాయె."

"మరి గవాయి ఎవరు?"

గవాయి అంటే సాక్షి. ఆ మాట దగ్గరే అవ్వ ప్రతిసారీ ఓడిపోయేది. లచ్చవ్వకు పెళ్లయింది, ఎటో పోయింది, ఏ ఊరో తెలియదు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. అవ్వ ఆకు కత్తిరించుకుంటూ కూర్చునేది. ఆమెకు అది వేళాకోళం కాదని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

ఇక మా కాలేజీ సంగతి. మా క్లాసులో అమ్మాయిల బెంచీలు కిటికీల వైపు, అబ్బాయిల బెంచీలు గోడ వైపు ఉండేవి. నడవడానికి మధ్యలో విడిచిన దారి మూరెడే గాని, మా లెక్కన అది పోచారం చెరువంత వెడల్పు. మాట్లాడుకోవద్దని ఎవరూ చెప్పలేదు. కానీ ఎవరు ముందు మాట్లాడితే వాళ్ల పేరు మర్నాడు ఇంకొకరి పేరుతో కలిసి బ్లాక్‌బోర్డు మీద కనిపించేది. అందుకని ఎవరిదైనా రికార్డు కావాలంటే అటెండర్‌ను బతిమాలి, అటు నుంచి ఇటు తెప్పించుకునేవాళ్లం. మొదటి ఏడాదంతా ఆయన మా మధ్య పడవ నడిపాడు.

మొదటేడు అయిపోవస్తుండగా నా పక్కన కూర్చునే మమతకు వాళ్లన్న దుబాయి నుంచి ఫోన్ పంపించాడు. మమతది కామారెడ్డే. భయం తక్కువ, మాట ఎక్కువ. అందరి మొహాలూ కనిపించే సైటొకటి అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. మా అవ్వ తర్వాత దానికి "మొకాల బుక్కు" అని పేరు పెట్టింది. మా ఇంట్లో అదే ఖాయమైంది కాబట్టి ఇక్కడా అదే రాస్తాను. మమత అందులో మా క్లాసుకు ఒక గ్రూపు తెరిచింది. నెల తిరిగేసరికి క్లాసంతా చేరింది. చేరింది గాని, ఎవరు ఎవరో తెలియదు. అమ్మాయిలెవరూ సొంత పేరు పెట్టలేదు, సొంత మొహం అసలే పెట్టలేదు. నేను "లిల్లీ ఫ్లవర్", ఫొటోలో తెల్ల పువ్వు. మమత "ఏంజెల్ హనీ", ఫొటోలో ఎవరి బిడ్డో బుగ్గల పాప. అబ్బాయిలు ఇంకో రకం. మాచారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చే నరేష్ పులి బొమ్మ పెట్టి "కిల్లర్ నరేష్" అయ్యాడు. మహమ్మద్‌నగర్ సాయిలు "ప్రిన్స్ సాయి" అని పేరు పెట్టుకొని, ఆ తర్వాత ఒక్క ముక్క కూడా రాయలేదు. క్లాసులోనూ అంతే. వాళ్లమ్మానాన్నలు నాట్లు కాగానే పట్నం వెళ్లి బిల్డింగు పనుల్లో ఉండేవాళ్లు. అతను ఇక్కడి హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడు. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తేవాడే తప్ప నోరు విప్పడం ఎవరూ వినలేదు.

రెండో ఏడు రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కాలేజీ మూసేశారు. నేను మా ఊరు వెళ్లలేక చిన్నబాపు ఇంట్లోనే చిక్కుకుపోయాను. పాఠాలు లేవు, పరీక్షలు ఉంటాయో లేదో తెలియదు. గ్రూపులో ఏమైనా తెలుస్తుందని నెట్ సెంటర్‌కు వెళ్తానంటే చిన్నబాపు ఆలోచించి, "అవ్వను తోల్కపో" అన్నాడు. ఆ కర్టెన్ల గదుల్లోకి నన్ను ఒక్కదాన్ని పంపడం ఆయన లెక్కలో కుదరలేదు. అవ్వ చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకొని, సినిమాకు పోయినట్టు బయల్దేరింది. మూల అరలో నాకు కుర్చీ, ఆమెకు స్టూలు. కరెంటు ఉన్నంతసేపు తెర వైపు కళ్లార్పకుండా చూసింది.

"గీళ్లంత ఎవరు?"

"నాతోని సదివేటోళ్లు అవ్వా."

"గీ పువ్వెవరు?"

"నేనే."

"నువ్వు పువ్వెందుకైనవ్?"

"ఆడపిల్లల ఫొటోలు పెట్టొద్దంటరు అవ్వా. ఖరాబు చేస్తరంట."

"మరి గీ పులి?"

"నరేష్ అని, మాచారెడ్డి పిల్లగాడు."

"నువ్వు పువ్వు, ఆయన పులి. మనుషులు ఒక్కరన్న ఉన్నరా గిండ్ల? సరే, ఏం మాట్లాడుకుంటరు?"

"గుడ్ మార్నింగ్ అనుకుంటం."

"గంతేనా?"

"గుడ్ నైట్ గూడ అనుకుంటం."

అవ్వ తెర మీది పేర్లు కిందికి పైకి జరుగుతుంటే చూస్తూ కూర్చుంది. కరెంటు పోయి, అరలన్నీ చీకటై, నెట్ సెంటర్ నడిపే అన్న కర్టెన్లు పక్కకు లాగుతుండగా నా మోచెయ్యి పట్టుకుంది. "ఇంతమంది ఊర్లపొంటి ఉన్నరు గద. మా లచ్చవ్వ ఏడున్నదో అడుగు బిడ్డా. ఆమె దొర్కితే మీ చిన్నబాపు నోరు మూతవడ్తది."

మర్నాడు మళ్లీ వెళ్లి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుంటూ రాశాను. మా అవ్వ చిన్నప్పుడు ఎల్లారెడ్డి బడిలో చదివింది, ఆమె పక్కన కూర్చున్న లచ్చవ్వ ఏ ఊరికి కోడలైందో తెలియదు, మీ ఊళ్లో ఉందేమో అడగండి అని. రాసి సిగ్గుపడ్డాను. పొద్దుగూకేసరికి దాని కింద, గ్రూపు పుట్టిన దగ్గర్నుంచీ రానన్ని మాటలు వచ్చాయి. సమ్మెతో అందరూ ఊళ్లలో ఊరికే కూర్చున్నారు. పని దొరికింది. అయితే లచ్చవ్వ అనే పేరు లేని వాడ మా వైపు లేదు. ఒకరి మేనత్త లచ్చవ్వ, ఒకరి పాలోళ్ల ముసలామె లచ్చవ్వ. ఒకడు తన బర్రె పేరు కూడా లచ్చవ్వేనని రాశాడు. ఇంతలో పులి బొమ్మ కింద నరేష్ ఒక ప్రశ్న వేశాడు. "మా ఊరి ముసలోళ్లు అడుగుతున్నరు, అడిగేది ఎవరి బిడ్డ, ఏ ఇంటి పిల్ల అని. పువ్వు బిడ్డ అని చెప్పాల్నా?"

ఎవరో తెలియని పువ్వుకు ఏ ముసలమ్మ తన పుట్టింటి ముచ్చట్లు చెబుతుంది? అవ్వకు చదివి వినిపిస్తే, "నీ పేరేమన్న దొంగదా?" అంది. ఆ రోజే లిల్లీ ఫ్లవర్ పోయి స్వరూప వచ్చింది, పక్కన మా ఊరి పేరుతో సహా. మర్నాటికి ఏంజెల్ హనీ మమత అయింది. వారం తిరిగేసరికి కిటికీ వైపు బెంచీలన్నీ సొంత పేర్లతో కూర్చున్నాయి. మొహాలు పెట్టడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

ఇన్ని లచ్చవ్వల్లో మా లచ్చవ్వను ఎట్లా గుర్తుపట్టాలి అని అడిగితే అవ్వ కళ్లు మూసుకొని ఆలోచించి, ఎడమచేతి వాటం అని చెప్పింది. అప్పటి ఉస్తాద్ పలక మీద సుద్దతో రాయమనేవాడట. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాయాలి కదా, రాసిన అక్షరాలు కుడిచేతి వాళ్ల చెయ్యి కిందపడి చెరిగిపోయేవి. లచ్చవ్వది ఎడంచెయ్యి కాబట్టి ఆమె పలక ఒక్కటే శుభ్రంగా ఉండేదట. ఆ సంగతి రాయగానే గ్రూపులో ముసలమ్మల ఫొటోలు మొదలయ్యాయి. చీపురు పట్టుకున్నవాళ్లు, గరిటె పట్టుకున్నవాళ్లు, ఫొటో అనగానే చెయ్యి వెనక్కి దాచుకున్నవాళ్లు. నరేష్ ఒక ఫొటో పెట్టి, దొరికిందని ప్రకటించాడు. మాచారెడ్డిలో వాళ్ల బావ లాప్‌టాప్‌తో తీసిన ఫొటో. అందులో ఒక లచ్చవ్వ ఎడమచేత్తో కొడవలి పట్టుకొని నవ్వుతోంది. అవ్వ తెరకు ముక్కు ఆనించి చూసింది గాని, ఇన్నేళ్ల తర్వాత ఏ మొహమైనా ఒకటేలా ఉంది ఆమెకు.

సమ్మె ఆగి కాలేజీ తెరిచిన రోజు నాకిప్పటికీ కళ్ల ముందుంది. సారు ఇంకా రాలేదు. మమత ఫోన్‌లో ఆ ఫొటోనే చూస్తూ చూస్తూ, ఒక్కసారిగా గోడ వైపు తిరిగింది. "నరేష్, నీ ఫొటో తిరగబడ్డది."

నరేష్ తన వెనక ఇంకో నరేష్ ఉన్నాడేమోనని తిరిగి చూశాడు.

"ఆమె కొంగు ఏ బుజం మీదున్నది? కుడి బుజం మీద. కొంగు గట్ల ఎవరేసుకుంటరు మన దిక్కు? అద్దంల లెక్క తిరిగింది ఫొటో. ఆమెది కుడిచెయ్యే."

నరేష్ ఫొటో చూశాడు, మమతను చూశాడు. "అవు," అన్నాడు. మొదటేడంతా పోచారం చెరువులా ఉన్న దారి మీద మొదట పడిన మాట అదే. బ్లాక్‌బోర్డు మీద మర్నాడు ఏ పేర్లూ కనిపించలేదు. రాసేవాళ్లు కూడా లచ్చవ్వను వెతికే పనిలోనే ఉన్నారు.

మాచారెడ్డి లచ్చవ్వ మా లచ్చవ్వ కాదని తేలాక వెతుకులాట చల్లబడింది. చిన్నబాపు ఊరుకోలేదు. "ఏమాయె, గవాయి దొర్కిందా?" అని రోజూ అన్నం దగ్గర అడిగేవాడు. అవ్వ జవాబివ్వడం మానేసింది. బీడీలు చుడుతూ చుడుతూ మధ్యలో ఆగి, గేటు వైపు చూసేది. ఒకరోజు పొద్దున చాయ్ చల్లారినా తాగలేదు. నాకు అనవసరంగా ఆశ పెట్టానేమో అనిపించి, ఇంకో ముచ్చట ఏదైనా చెప్పవ్వా, రాస్తాను అన్నాను. అప్పుడు మేక సంగతి చెప్పింది. ఒకనాడు బళ్లోకి మేక దూరి ఉస్తాద్ టోపీ తినేసిందట. ఆయన బోడి తలతో దాన్ని తరుముతుంటే అందరూ నవ్వారట. రాశాను. క్లాసులో అందరూ నవ్వారు. లచ్చవ్వ మాత్రం దొరకలేదు.

సోమవారం నాడు నెట్ సెంటర్‌కు వెళ్లి తెరిస్తే, గ్రూపులో ఎప్పుడూ రాయని పేరు ఒకటి కనిపించింది. ప్రిన్స్ సాయి. చేరిన దగ్గర్నుంచీ అతని మొదటి మాట.

"ఆ మేక తిన్నది టోపీ కాదంట. దస్తీల కట్టుకున్న రొట్టె అంట. మా అవ్వ చెప్తున్నది."

అవ్వకు చదివి వినిపించాను. స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. "అవు. రొట్టెనే. నేనే ఉత్తగ టోపీ అన్న, మంచిగుంటదని." నెట్ సెంటర్ అన్న కర్టెన్ తీసి ఏమైందని అడిగాడు. అవ్వ ఆయన చేతులు పట్టుకుంది.

తర్వాత తెలిసింది. సాయిలు ఆదివారం ఊరికి వెళ్లి, వాకిలి ఊడుస్తున్న వాళ్ల అవ్వకు ఏదో కాలక్షేపానికి ఈ కథ చెప్పాడు. ఆమె చీపురు ఆపి తప్పు దిద్దింది. చీపురు ఎడమచేతిలోనే ఉంది. చేతివాటం సంగతి అతనికి ముందే తెలుసు గాని, ఆమె పేరు బాలవ్వ కావడంతో ఊరుకున్నాడు. పెళ్లయి వచ్చినప్పుడు అత్త పేరు కూడా లచ్చవ్వే అయిందట. అత్తను పేరు పెట్టి పిలిచినట్టవుతుందని కోడలి పేరు మార్చేశారు. ఆ వాడలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

కలుసుకోవడం ఎక్కడ, ఎప్పుడు అన్నది నేనూ సాయిలూ మాట్లాడుకోవాలి. ఎట్లా మాట్లాడుకున్నామో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. క్లాసులో అతను నాకు రెండు బెంచీల అవతల కూర్చొని ఉండేవాడు. నేను మమత ఫోన్ తీసుకొని గ్రూపులో "ఆదివారం ఎల్లారెడ్డి బస్టాండ్" అని రాసేదాన్ని. అతను నరేష్ ఫోన్ అడిగి తీసుకొని "సరే" అని రాసేవాడు. ఇద్దరం తలెత్తేవాళ్లం కాదు. మధ్యలో సారు అయానులు, సమయోజనీయ బంధాలు చెబుతూనే ఉన్నాడు.

ఆదివారం కామారెడ్డి బస్సులో అవ్వ, నేను, మమత, నరేష్, ఇంకో ఇద్దరు అబ్బాయిలు ఎక్కాం. అవ్వ ఓడిపోతే చూడాలని చిన్నబాపు కూడా వచ్చాడు. నాకు కాపలా అని పైకి చెప్పాడు. ఎల్లారెడ్డి బస్టాండ్‌లో మహమ్మద్‌నగర్ వైపు నుంచి వచ్చిన బస్సు దిగి సాయిలు, వెనక సన్నగా, పొడుగ్గా, కర్ర లేకుండా నడిచే ఒక ముసలామె వచ్చారు. ఇద్దరవ్వలూ ఒకరినొకరు చూసుకున్నారు. కౌగిలించుకుంటారని మేము కాచుకొని ఉన్నాం. మమత ఫోన్ కూడా పైకెత్తి పెట్టింది. వాళ్లు అదేమీ చేయలేదు.

"బక్కగైనవ్," అంది మా అవ్వ.

"నువ్వు లావైనవ్," అంది బాలవ్వ.

"నీ పేరు గూడ మారిపాయె."

"నువ్వు లచ్చవ్వ అనే పిల్వు. ఎవరన్న పిలిస్తె ఇందామని ఉన్నది."

ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. సాయిలు అందరికీ చాయ్ చెప్పాడు. "తొమ్మిది చాయ్" అన్న అతని గొంతు మేమంతా మొదటిసారి విన్నాం. అంత సన్నటి మనిషికి అంత బొంగురు గొంతు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. చాయ్ వచ్చేదాకా కూడా చిన్నబాపు ఆగలేదు. "పెద్దవ్వా, నువ్వు సత్తెం చెప్పాలె. మా అవ్వ బడికి పోయిందా?"

బాలవ్వ మా అవ్వ మొహం చూసింది. మా అవ్వ బల్ల వైపు చూస్తోంది. బాలవ్వ ఎడమచేతి వేలు నీళ్ల గ్లాసులో ముంచి, బల్ల మీద నిలువుగా ఒక గీత గీసింది. దాని పక్కన పడవలాంటిది గీసి కింద ఒక చుక్క పెట్టింది. "అలీఫ్. బే. నేను మర్సిపోయినప్పుడల్ల మీ అవ్వనే గిట్ల యాది చేసేది. నాకు నేర్పిందే ఆమె."

చిన్నబాపు ఆ తడి గీతల వైపు అవి ఆరిపోయేదాకా చూశాడు. అంతలో చాయ్ వచ్చింది. ఆయన లేచి, తన చాయ్ అవ్వ సాసర్లో పోసి, ఆమె ముందుకు జరిపాడు. "తాగే, చల్లారుతది," అన్నాడు. ఆయన నోట ఇక ఎప్పుడూ సంతకం మాట రాలేదు.

చాయ్ అయ్యాక ఇద్దరూ చేతులు కడుక్కుంటామని హోటల్ వెనక కుళాయి దగ్గరికి వెళ్లారు. చెంబు పట్టుకొని నేనూ వెళ్లాను. గోడ ఇవతల నిలబడితే నవ్వు వినిపించింది. ముసలివాళ్ల నవ్వులా లేదు.

"నేను నీకు ఎప్పుడు నేర్పిన్నే?" అంటోంది మా అవ్వ.

"మరేం చెప్పాలె? ఇద్దరం మేకలు కాసుకుంట పోయినం, మన మేకనే ఆయన రొట్టె తిన్నది, దండుగ కట్టుమంటడేమో అని లోపలికి పోయినం, ఆయన నవ్వి కూసొమ్మన్నడు అని చెప్పాల్నా?"

"కూసున్నం గద మరి."

"ఎన్నొద్దులు, ఎన్ని దినాలు? మేకలు పొలంల పడ్డయని మీ నాయిన గుంజుకపోయేదాంక. గా కొన్నొద్దులల్ల నీకు బే గూడ రాలె."

"నీకొచ్చింది గద. ఇద్దరిట్ల ఒక్కరికొస్తె సాలు."

నేను చప్పుడు చేయకుండా చెంబుతో వెనక్కి వచ్చేశాను. క్లాసులో ఎవరికీ చెప్పలేదు. చిన్నబాపుకు అసలే చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరవ్వలూ, చిన్నబాపూ లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత అవ్వ ఉన్నన్నాళ్లూ ఆదివారం ఆదివారం వాళ్లిద్దరి మాటలూ మా ఫోన్ల మీదే సాగాయి. సాయిలు ఊరికి వెళ్లి ఫోన్ కలిపి ఇచ్చేవాడు, ఇక్కడ నేను మమత ఫోన్ తెచ్చి పెట్టేదాన్ని. అవ్వ ఫోన్‌ను చెవికి కాక నోటికి దగ్గరగా పెట్టుకొని, పక్క వాడకు వినపడేలా మాట్లాడేది. మేము పక్కన కూర్చొని కాలం గడిపేవాళ్లం. ఇప్పుడు మా క్లాసు మొత్తం ఒక్క గ్రూపులో ఉంది. అందరి సొంత పేర్లు, సొంత మొహాలు, పిల్లల మొహాలు, కొన్న కార్ల మొహాలు కూడా ఉన్నాయి. ఎవరు ఎక్కడున్నారో వెతకనక్కర్లేదు. పొద్దున్నే పువ్వులు వస్తాయి, పండక్కి దీపాలు వస్తాయి, ఎవరైనా పోతే దండాలు వస్తాయి. నేను కూడా వేలితో ఒక దండం నొక్కి వంటింట్లోకి వెళ్లిపోతాను. అప్పుడు నెట్ సెంటర్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక, చెప్పాల్సింది ముందే గబగబా చెప్పేసేవాళ్లం. ఇప్పుడు కరెంటు పోదు. చెప్పాల్సింది రేపైనా చెప్పొచ్చు కాబట్టి ఎవరూ చెప్పడం లేదు. అందరం అంతే. ఇది ఫిర్యాదు కాదు. ఆ రోజుల్లోనూ మేమేం గొప్పవాళ్లం కాదు, మా అవ్వ తొందర పెట్టింది కాబట్టి కదిలాం.

ఆ ఆదివారం తిరుగు బస్సులో నేనూ అవ్వా ముందు సీట్లో కూర్చున్నాం. పక్క సీట్లో మమత. చిన్నబాపు డ్రైవర్ వెనక. అబ్బాయిలు ముగ్గురూ, క్లాసులో లాగే మాకు ఎడంగా, చివరి వరుసకు వెళ్లి కూర్చున్నారు. ఊరు దాటాక, చిన్నబాపుకు వినపడకుండా అవ్వ చెవిలో అడిగాను.

"నేను కుళాయి కాడ ఇన్న అవ్వా. కొన్నొద్దులకే క్లాస్‌మేట్ అంటరా?"

అవ్వ ఏమీ ఉలిక్కిపడలేదు. కిటికీ లోంచి వరి చేలు చూస్తూ అంది. "మీరు రెండేండ్ల సంది ఒక్క రూంల కూసుంటున్నరు. గా సాయిలు గొంతు నువ్వు ఎప్పుడిన్నవ్? చాయ్ చెప్పినప్పుడే గద."

పక్క సీట్లో మమత కూడా విన్నదనుకుంటాను. ఒళ్లో ఉన్న పల్లీల పొట్లం మడిచింది. తర్వాత లేచి, ఊగుతున్న బస్సులో సీట్ల కమ్ములు ఒక్కొక్కటే పట్టుకుంటూ, చివరి వరుస దాకా నడిచి వెళ్లింది. చిన్నబాపు వెనక్కి తిరిగి చూశాడు. నోరు తెరిచాడు. మళ్లీ ముందుకు తిరిగి, రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

"జరుగున్రి," అంటోంది మమత వెనక.